ఇంట్లో రాసిన పరీక్ష

“ఏమే, చాయ్ ఎప్పుడైతది?” అని మా ఆయన దేవదాస్ మళ్ళీ అడిగేసరికి పాలు ఇంకా పొంగనేలేదు. లాక్‌డౌన్‌లో సూరత్‌లో బట్ట నేసే సాంచాలన్నీ ఆగిపోయాయి గానీ మా ఇంట్లో చాయ్ కార్ఖానాకు మాత్రం సెలవు లేదు.

తెలంగాణ నుంచి బతకడానికి వచ్చిన మాకు సూరత్‌లోని లింబాయత్ బస్తీలో ఉన్నది ఒకటే గది. మా ఆయనా, మరిదీ, అన్నదమ్ములిద్దరూ సాంచాల మీద పనివాళ్ళు. ఒకరిది పగటి పాళీ అయితే ఇంకొకరిది రాత్రి పాళీ. ఒకరు లేచి వెళ్ళిన చాప మీదే ఇంకొకరు వచ్చి పడుకునేవారు. అందుకే ఆ గది ఇన్నేళ్ళూ మాకు సరిపోయింది. కరోనా వచ్చి ఇద్దరినీ ఒకేసారి ఇంట్లో కూర్చోబెట్టింది. వాళ్ళ పాళీలు పోయాయి, మాకు రెండు పాళీలూ పడ్డాయి.

మాకు అంటే నాకూ, మరిది పెళ్ళాం, మా యారాలు లతకూ. నేను ఏడో తరగతితోనే బడి మానేశాను. లత పెళ్ళయ్యాక పట్టుబట్టి డిగ్రీ చదివింది. సలాబత్‌పురా బజారు నుంచి వచ్చే చీరలకు నాతోపాటు మెరుపు రాళ్ళు అంటిస్తూనే కాలేజీలో ఫస్టు వచ్చింది. అసూయ పడదామన్నా తీరికుండాలి కదా, నాకైతే దాన్ని చూస్తే కడుపు నిండేది. గల్లీలో కొమురవ్వను మొగుడు బయటికి గెంటేసినప్పుడు పోలీసు స్టేషన్‌లో ఆమె తరఫున గుజరాతీలో మాట్లాడింది ఇదే. ఆ రోజే వకీలు కావాలని పంతం పట్టింది.

ఆ ఏడు లా కాలేజీ ఎంట్రన్సు ఇంట్లోనే ఫోన్‌లో రాయమన్నారు. లత గోడవైపు తిరిగి కూర్చుంది. “సప్పుడు జెయ్య తియ్,” అని మరిది ఓంప్రకాష్ మాటిచ్చాడు. నేను నీళ్ళ ట్యాంకర్ దగ్గరికి బిందెలతో వెళ్ళాను. పాపం, అతను చప్పుడు చేయలేదు. భుజం తట్టి సైగలు చేశాడట. తువ్వాలు ఏదని ఒకసారి, చాయ్ అని ఒకసారి, మా ఆయనకూ చాయ్ అని ఇంకోసారి. అది లేచింది, పెట్టింది, మళ్ళీ కూర్చుంది. మార్కులు తక్కువొచ్చాయి.

“డిగ్రీల ఫస్టొచ్చింది గిట్లనేనా?” అని మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అయినా డిగ్రీ మార్కులు చూసి కాలేజీవాళ్ళు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ పెట్టారు. “నెట్‌వర్క్ పోయిందని చెప్పు. అందరు గదే చెప్తరు,” అని మరిది నేర్పాడు. లత ఫోన్ గోడకు ఆనించుకుని కూర్చుంది.

ఫోన్‌లో మేడమ్ హిందీలో అడిగింది. డిగ్రీలో అంత బాగా వచ్చి, ఇందులో ఇంత తక్కువేమిటని. సీటు ఈ జవాబు మీదే ఉందని మా నలుగురికీ తెలుసు. లత ఫోన్‌ను ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“డిగ్రీ పరీక్షలు కాలేజీలో రాశాను మేడమ్. అక్కడ నన్నెవరూ చాయ్ అడగలేదు. ఇది ఇంట్లో రాశాను.”

మరిది తల దించుకున్నాడు. ఇన్నేళ్ళూ నేను గిన్నెలు తోముతూ నాలో నేను గొణుక్కున్న మాటను, అది మొగుడి ఎదుటే, పరాయి మనిషికి, ఎంత మర్యాదగా చెప్పిందో! దాని కడుపు చల్లగుండ.

మేడమ్ ఏదో రాసుకుంది. ఆదివారం ఇంకో పరీక్ష పెడతామంది, అదీ ఇంట్లోనే. రాస్తానంది లత.

కాల్ అయిపోగానే మరిది లేచాడు. “నా ఇజ్జత్ తీసినవ్.”

“చాయ్ అడిగింది అబద్ధమా ఓం?” అని నేనే అడిగాను. అతను చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం అన్నదమ్ములిద్దరినీ వరండాలోకి తోలాను. స్టవ్వూ, పాలగిన్నే, చాయ్‌పత్తీ కూడా అక్కడే పెట్టాను. లోపల లత ఒక్కతే. తలుపు దగ్గరగా వేసి, గడపకు అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాను.

కాసేపటికి మా ఆయనకు అలవాటు గుర్తొచ్చింది. “ఏమే, జర చాయ్ పెట్టు.”

“స్టవ్ గాడనే ఉన్నది, పాలు గాడనే ఉన్నయ్. నేను పరీక్షల ఉన్న.”

“నువ్వేం పరీక్షనే?” అని నవ్వాడు. నేను నవ్వలేదు, లేవలేదు. లోపల లత ఏదో ప్రశ్న తనలో తాను చదువుకుంటున్న గొంతు సన్నగా వినిపిస్తోంది. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి మా ఆయనే లేచి, స్టవ్ ముందు కూలబడి, లైటర్ ఎక్కడుందని అడిగాడు.

అదీ నేను చెప్పలేదు.