జాడీ మూతి దగ్గర

మామిడికాయల పార్సిలు శనివారం ఢిల్లీలో దిగుతుంది. డాక్టరమ్మ శుక్రవారమే ఆపరేషనుకు రమ్మంది. సంతకం పెట్టడానికి వెంట ఒక మనిషి ఉండాలట.

"సీజను అయ్యాక వస్తానండీ," అని బేరం పెట్టాను.

"పోయినేడూ ఇదే అన్నావు మాణిక్యం. అప్పుడు గర్భసంచి మూతి దగ్గర చిన్న మార్పు. ఇప్పుడు ముదిరింది. ఇంకా క్యాన్సర్ కాదు, కానీ దారి అటే."

మా ఆయన నాకు హెచ్‌ఐవీ అంటించి పోయి నాలుగేళ్లు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందు ఒక్క పూట తప్పలేదు. రక్తపరీక్షలో సీడీ4, అంటే జబ్బుల్ని ఆపే కణాల లెక్క, ఐదువందల నలభై. అంత బలం ఉండగా ఇంకేం భయమని నా లెక్క.

"రక్తంలో కాపలా పెరిగింది, నిజమే," అంది డాక్టరమ్మ. " గర్భసంచి మూతి దగ్గర కాపలా వేరు. అక్కడ బలం చాలలేదు, ఇంకో వైరస్ పాతుకుపోయింది. ఆ కాస్త చోటు తీసేస్తాం. మూడు వారాలదాకా రక్తం కనబడొచ్చు, బరువులెత్తకు."

మూడు వారాలు! ఢిల్లీ ద్వారకలో మా అపార్ట్‌మెంట్ల సొసైటీలోని తెలుగువాళ్లంతా నా ఆవకాయే తింటారు. రుచికన్నా నా మడికే పేరు. ముట్టు రోజుల్లో జాడీల గది గడప తొక్కనని ఊరంతా చాటుకున్నది నేనే. ఇప్పుడు తొక్కితే మోసం. తొక్కకపోతే, మూడు వారాలెందుకని అడుగుతారు.

బుధవారం సరోజినిగారు వచ్చారు. భర్త కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. సొసైటీ ఆర్డర్లన్నీ ఆవిడ ద్వారానే వస్తాయి. చేతిలో నిరుటి జాడీ.

"ఏం మాణిక్యంగారూ, మీ మడికి కూడా బూజు పడుతుందా?" అని నవ్వారు. "మధ్యలో ముక్క భేషుగ్గా ఉందని ఊరుకున్నా. మూతి దగ్గర చూడండి, ఎలా పట్టిందో!"

చూశాను. మధ్యలో గరిటె పెట్టి, రుచి చూసి, అంతా బాగుందనుకునేవాళ్లను పదేళ్లుగా దెప్పుతున్నదాన్ని. బూజు మొదలయ్యేది మూతి దగ్గరే. కనబడ్డ రోజే తుడవాలి. తర్వాత చూద్దామంటే జాడీ మొత్తం పారబోయాలి.

"ఈ ఏడు నేను కలపను. కుర్చీలో కూర్చుని పాళ్లు చెబుతా, మీరు కలపండి," అన్నాను.

"అచ్ఛా! నేను కలిపితే మా ఇంట్లోనే ఎవరూ తినరు!"

"శుక్రవారం ఆపరేషన్ ఉందండీ. గర్భసంచికి."

ఆవిడ నవ్వు ఆగింది. "తోడెవరు?"

"ఎవరూ లేరండీ."

"ఠీక్ హై, నేనొస్తా. మా ఆయన కారుంది. ఫైలు ఇటివ్వండి, ఆసుపత్రులవాళ్లతో మాట్లాడటం నాకు అలవాటే."

ఫైలు బల్ల మీద బోర్లా ఉంది. తిప్పితే అట్ట మీద పెద్ద అక్షరాల్లో నా జబ్బు. ఆవిడ రాకపోతే ఆపరేషన్ లేదు. చదివితే, శనివారం నా గుమ్మం ఎవరూ ఎక్కరు. లెక్క వేశాను. సొసైటీ పోతే కటవారియా సరాయ్ గదుల్లో పరీక్షలకు చదివే పిల్లలున్నారు, వాళ్లు మడి అడగరు. నేను పోతే ఆ బేరమూ లేదు.

"చదివాక కూడా వస్తానంటే, శుక్రవారం పొద్దున ఏడింటికి బయలుదేరాలి," అంటూ ఫైలు తిప్పి ఆవిడ ముందుకు జరిపాను.

సరోజినిగారు కళ్లజోడు కోసం సంచీ వెతుక్కున్నారు.