బెల్లం తిన్న గిన్నె

నేను ఒక సత్తు గిన్నెను. మా పలాస వైపు సిల్వరు గిన్నె అంటారు. నాలో వెండి మచ్చుకైనా లేదు. ఉన్నదేమిటో చెప్పుకోవాలనే నోరు విప్పుతున్నాను.

ఊరవతల ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పాడైన ఇంజను ముక్కలు, సొట్టపోయిన డబ్బాలు, తెగిన కరెంటు తీగలు అన్నీ కలిపి అక్కడ కరిగించేవారు. ఆ రోజు సరుకు తక్కువైంది. మూలన పడి ఉన్న పాత లారీ బ్యాటరీలను చూపించి షెడ్డు యజమాని అన్నాడు, "వాటిలో పలకలు కూడా వేసీరా. బరువు తూగుతాది."

కరిగించే మనిషి చెయ్యి ఆగింది. "తినే గిన్నెలు కదా బాబూ?"

"నువ్వు తింటావేటి వాటిలో?"

పలకలు మంటలో పడ్డాయి. చల్లారాక నన్ను రుద్ది మెరిపించారు. మనుషులకు మెరిసేదాని మీద అనుమానం రాదు.

సంతలో తోపుడుబండి మీద నన్ను కొన్నది దాలమ్మ. జీడిపిక్కల మిల్లులో పిక్కలు కొట్టే మనిషి. పిక్కల జిడ్డుకు ఆమె వేళ్ళు నల్లబడిపోయి, ఎంత కడిగినా తెల్లబడేవి కావు. భర్త కూర్మారావు బస్తాలు మోసే కలాసీ. ఆ ముందు ఏడు వచ్చిన తుపానులో వాళ్ళ అరెకరం జీడితోట వేళ్ళతో సహా పడిపోయింది. ఇంటి కప్పు కూలి, తరవాణి పోసుకునే మట్టికుండ కూడా పగిలిపోయింది. తోట చూసుకోవడానికి వెళ్ళిన దాలమ్మకు కూలిన చెట్టు కింద తడిసి వణుకుతున్న కుక్కపిల్ల కనబడింది. దాన్ని కొంగులో చుట్టి తెచ్చింది. "తోటలో మనకి మిగిలింది ఇదొక్కటే మావా" అందట. బెల్లం రంగులో ఉంది కాబట్టి బెల్లం అని పేరు పెట్టుకున్నారు.

పగిలిన కుండ బదులు ఆ బండి మీదే ఒక పెద్ద సత్తు కుండ, నాలుగు గిన్నెలు తీసుకుంది దాలమ్మ. నేను బెల్లం వాటా. రాత్రి అన్నం, గంజి ఆ కుండలో పులిసి పొద్దుటికి తరవాణి అయ్యేది. కూర్మారావు రెండు పూటలా ఆ పుల్లటి తరవాణి అన్నమే తిని పనికి పోయేవాడు. బెల్లానికీ అదే. దాలమ్మకు మాత్రం మధ్యాహ్నం మిల్లులో తోటివాళ్ళు పంచుకునే తిండే ఎక్కువ.

బెల్లం తిన్నాక దాలమ్మ నన్ను బూడిద, చింతపండు వేసి తళతళలాడేలా తోమేది. ఆమె ఎంత ప్రేమగా తోమితే నా లోపలిది అంతగా పైకి తేలేది. దాని మీద పులుపు పడేది. ఆ పులుపుతో కలిసి అది బెల్లం కడుపులోకి పోయేది. ఈ సంగతి అప్పటికి నాకూ తెలియదు. తెలిసినా చెప్పే నోరు లేదు.

రెండో ఏడు బెల్లం తిండి తగ్గించింది. తిన్నది కక్కేది. కడుపు నేలకు అదిమి మూలిగేది. తరవాత గోడ పక్కనే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం నా ముందే కాళ్ళు కొట్టుకుంటూ పడిపోయింది. నోట్లోంచి నురగ వచ్చింది.

విశాఖలో కుక్కల పెద్దాసుపత్రి ఉందని ఎవరో చెప్పారు. వ్యాను మాట్లాడుకుని దాలమ్మ బయలుదేరింది. కూర్మారావు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"కుక్కకి స్కానింగేటే? నాకు కడుపునొప్పని ఏడాది బట్టీ చెప్తన్నాను. సోడా తాగమన్నావు."

"నీకు నోరున్నాది మావా. నొప్పి పుడితే చెప్తావు. దానికేటున్నాది?"

మళ్ళీ జీడిమొక్కలు నాటడానికి దాచిన డబ్బు ఆమె కొంగున ఉంది. అతనికది తెలుసు. అయినా పక్కకు తప్పుకున్నాడు.

అక్కడ రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు, పొట్టను తెర మీద చూశారట. సెలైను పెట్టి, స్టీలు పళ్ళెంలో పాలన్నం పెట్టి నాలుగు రోజులు ఉంచుకున్నారు. బెల్లం తోకాడిస్తూ ఇంటికొచ్చింది. గోమారి పురుగులు కుట్టి వచ్చిన జ్వరం అన్నారట. "బాగా నీరసపడిపోయినాది నా తల్లి" అంటూ దాలమ్మ నా నిండా రెండింతలు తరవాణి అన్నం పోసింది.

నెల తిరక్కుండా మళ్ళీ పడిపోయింది. ఈసారి మూత్రపిండాలు అన్నారు. రక్తాన్ని హైదరాబాదు పంపారు. అక్కడుంటే లేచి తిరిగేది, ఇంటికొస్తే కూలబడేది. అక్కడి మందు గొప్పదని దాలమ్మ నమ్మింది, ఆసుపత్రివాళ్ళూ నమ్మారు. మూడోసారి తలలో ఏదో ఉందని, హైదరాబాదు తీసుకెళ్ళి తలకు స్కానింగు చేయించమని చెప్పారు. అప్పటికి తోట డబ్బు అయిపోయింది. దాలమ్మ చెవులకు దుద్దులు కూడా లేవు.

ఇన్ని పరీక్షలు చేసిన మనుషుల్లో ఒక్కరు కూడా, ఇది దేంట్లో తింటుందమ్మా అని అడగలేదు. ఆ మాట అడగడానికి యంత్రం అక్కర్లేదు. అందుకే తోచలేదేమో.

అడిగినది డాక్టరు హిమబిందు. ఊళ్ళోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి కొత్తగా బదిలీ అయి వచ్చింది. మిల్లులో ఎవరో చెబితే దాలమ్మ బెల్లాన్ని భుజాన వేసుకుని వెళ్ళింది. ఆ డాక్టరమ్మ ఒక్క చుక్క రక్తాన్ని గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపులో తనే చాలాసేపు చూసిందట. తరవాత ఇలా అడిగిందట.

"అమ్మా, ఆసుపత్రిలో ఉంటే బాగుంటుందా?"

"బాగానే ఉంటాదమ్మా. ఇంటికొస్తేనే..."

"అయితే రోగం మీ ఇంట్లోనే ఉంది. ఏం పెడతారు? దేంట్లో పెడతారు?"

దాలమ్మ పరుగున ఇంటికొచ్చి నన్ను పాతగుడ్డలో చుట్టి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ నన్ను తిప్పి చూసింది, లోపల ఆకురాయితో గీకింది. రాలిన పొడిని కాగితంలో పొట్లం కట్టింది.

"ఇందులో సీసం ఉందని నా అనుమానం. అది విషం. కొంచెం కొంచెంగా లోపలికి పోతుంది. ఈ పొడినీ దీని రక్తాన్నీ పరీక్షకు పంపిస్తాను. జవాబు వచ్చేదాకా ఆగొద్దు. ఈ గిన్నెలో ఇంక పెట్టకండి."

దాలమ్మ తన నల్లటి వేళ్ళను చూసుకుంది. "చింతపండేసి తోమీదాన్నమ్మా" అంది. డాక్టరమ్మ తల దించుకుంది.

నన్ను పెరట్లో నీళ్ళతొట్టి వెనక్కి విసిరేశారు. డాక్టరమ్మ విషానికి విరుగుడు సూదిమందు తెప్పించి వేసింది. కానీ బెల్లానికి అప్పటికే చూపు పోయింది. కొత్త స్టీలు పళ్ళెంలో గుడ్డూ పాలూ కలిపి పెడితే వాసన చూసి ముఖం తిప్పుకునేది.

ఒక మధ్యాహ్నం బెల్లం గోడ వెంట ముక్కు రాసుకుంటూ, తొట్టికి తల కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఖాళీగా ఉన్న నన్ను నాకింది. నా అంచు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఇన్నాళ్ళూ దాన్ని కొద్దికొద్దిగా చంపిన నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేనే దాని ఇల్లు అనుకుంది.

దాలమ్మ వచ్చి చూసి నన్ను లాక్కోబోయింది. బెల్లం పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. ఆమె మీద అది గుర్రుమనడం అదే మొదటిసారి. దాలమ్మ అక్కడే మట్టిలో కూలబడింది.

"నానే పెట్టాను కదే. నా చేత్తోనే పెట్టాను కదే" అని ఏడ్చింది.

మూడో రోజు బెల్లం పోయింది. పరీక్ష కాగితం అది పోయిన తరవాతే వచ్చింది. అనుమానం నిజమే. "మీరిద్దరూ కూడా రక్తం చూపించుకోండి" అని డాక్టరమ్మ మనుషుల పెద్దాసుపత్రికి చీటీ రాసి ఇచ్చింది. దాలమ్మకు కొద్దిగానే ఉంది. కూర్మారావు రక్తంలో చాలా ఉంది. సోడాకు తగ్గని అతని కడుపునొప్పి, బస్తా ఎత్తేటప్పుడు వణికే అతని చేతులు, అన్నిటికీ ఒకటే కారణం.

ఆ రోజు కూర్మారావు పెరట్లో బెల్లాన్ని పాతిన చోటికి వచ్చి నిలబడ్డాడు. "దాని రోగం దొరక్కపోతే నా రోగం దొరికీది కాదే" అన్నాడు.

"ఆ మాట దానికి చెప్పగలవేటి?" అంది దాలమ్మ.

ఆమె సంతకు వెళ్ళి బండివాడిని నిలదీసిందట. "నాను కొన్నది కొన్నట్టే అమ్ముతానమ్మా. ఊరంతా వీటిలోనే తింటన్నారు, ఒక్కలైనా చచ్చిపోనారేటి?" అన్నాడతను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు విన్నారు. ఒకావిడ చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. మిగతావాళ్ళు బేరం సాగించారు.

ఇంటికొచ్చి దాలమ్మ కుండనూ గిన్నెలనూ వరసగా బోర్లించింది. మేకు, సుత్తి తెచ్చి ఒక్కొక్కదానికీ అడుగున చిల్లు కొట్టింది. నన్ను చివర పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. ఒక్క దెబ్బకు మేకు దిగింది.

పాత సామాన్లవాడు వీధిలోకొచ్చి మా గుట్ట చూసి ఆశపడ్డాడు. "చిల్లు పడినా పర్లేదమ్మా, కరిగించీస్తారు" అన్నాడు. దాలమ్మ తలుపు వేసేసింది.

ఇప్పుడు పెరట్లోనే పడి ఉన్నాను. నెలకోసారి వాళ్ళిద్దరూ మందుల సంచితో ఆసుపత్రికి వెళ్ళి రావడం చూస్తుంటాను. వీధికుక్కలు అప్పుడప్పుడు దాహానికి వచ్చి నాలో మూతి పెట్టి చూస్తాయి. వాన ఎంత కురిసినా నాలో ఒక్క చుక్క నిలవదు. నా గురించి నేను చెప్పుకోదగిన మంచి మాట అదొక్కటే.