పరిశీలనలో ఉంది

తాను సెలవులో ఉన్న శుక్రవారం నాడు, తన పేరుతోనే ఒక రోగి ఫైలు సంబంధం లేని బీమా కంపెనీకి వెళ్లిపోయిందని సోమవారం ఉదయం చూసేసరికి హుమేరాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

రేపల్లె ప్యాసింజర్‌లో నిలబడి వచ్చిన కాళ్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి. తెనాలి ఆస్పత్రిలో మెట్ల కింద ఆమె గది. బాపట్ల, రేపల్లె శాఖల ఫైళ్లు కూడా అక్కడికే వస్తాయి. ఏ రోగి ఖర్చు ఏ కంపెనీ భరిస్తుందో చూసి, ఆ కంపెనీకే కంప్యూటర్లో పంపడం ఆమె పని. పదమూడేళ్లుగా అదే కుర్చీ. కళ్లద్దాలు మూడుసార్లు మారాయి, కుర్చీ మారలేదు. రోగి బీమా కార్డు మీదున్న కంపెనీ పేరును హుమేరా ఏనాడూ నమ్మలేదు. రోగి పనిచేసే చోటికి ఫోన్ చేసి, కంపెనీ మార్చారేమో అడిగాకే పంపుతుంది. "పెళ్లి సంబంధానికి వాకబు చేస్తున్నావా ఏంటి?" అని పక్క సీటు గౌరీశంకరం గారు ఎగతాళి చేసేవారు.

ఫైలు జ్ఞానానందానిది. అడవులదీవి మనిషి, రొయ్యల ఫ్యాక్టరీలో పని. గుండె నాళాల్లో పూడికతో బాపట్ల శాఖలో చేరాడు. కంపెనీ అనుమతి వస్తేనే ఆపరేషన్. ఫ్యాక్టరీ వాళ్లు ఏప్రిల్‌లోనే బీమా కంపెనీని మార్చేశారు. ఫైలు మాత్రం పాత కంపెనీ దగ్గర 'పరిశీలనలో ఉంది' అన్న ఒక్క మాటతో శుక్రవారం నుంచి పడి ఉంది.

ఆమె టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. ఫైలును అసలు కంపెనీకి పంపింది. ఆ తర్వాత వాళ్లకు ఏడుసార్లు ఫోన్ చేసి తొందరపెట్టింది. ఆగమన్న ప్రతివాడి పేరూ అడిగి కాగితం మీద రాసుకుంది. రెండున్నరకు అనుమతి వచ్చింది.

బాపట్ల వార్డుకు ఫోన్ చేస్తే నర్సు శోభారాణి ఎత్తింది.

"పన్నెండింటికి పోయాడక్కా. ఇప్పుడే బండెక్కించారు. పొద్దున కూడా అడిగింది వాళ్లావిడ, మా కాగితం వచ్చిందా అని."

హుమేరాకు ఏడుపు రాలేదు. అనుమతి పత్రాన్ని ప్రింటు తీసి, గౌరీశంకరం గారి బల్ల మీద అరచేత్తో చరిచి పెట్టింది. సెలవు మీద వెళ్తూ తన పాస్‌వర్డు చెప్పింది ఆయనొక్కరికే.

"నా పేరుతో పంపింది మీరేనా అండి?"

ఆయన కాగితం వంక చూశారు. తల ఎత్తలేదు.

"నేనేనమ్మా. ఐదింటికల్లా పంపాల్సిన ఫైళ్ల జాబితా ఖాళీ కాకపోతే పైనుంచి ఫోనొస్తుంది కదా. అప్పటికే నాలుగూ యాభై అయింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేయలేదు. ఏదో ఒక కంపెనీకి నెట్టేస్తే మన దగ్గర లేనట్టే లెక్క. తప్పయితే వాళ్లే తిప్పి పంపుతారు. ఎన్నేళ్లుగానో ఇలాగే చేస్తున్నాను, ఎవరికీ ఏం కాలేదు. వచ్చే నెల రిటైరవుతున్నాను, నా పేరు మీద మచ్చెందుకని నీ పేరుతో పంపాను. నువ్వు అడగందే పంపవని ఇక్కడ అందరికీ తెలుసు. నీ పేరుంటే ఎవరూ మళ్లీ తెరిచి చూడరనుకున్నాను."