గుట్ట మీద పడ్డ చెయ్యి

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. మా అన్నయ్య సంగతి వేరు. అడక్కపోయినా పెడతాడు, వద్దన్నా పెడతాడు, కంచం తీసుకుని పారిపోతే వెంటపడి మరీ పెడతాడు. నవ్వకండి. నలభై ఏళ్లొచ్చిన చెల్లెలికి ఇది నవ్వులాట కాదు.

ఆయన కారు నేర్పే మాస్టారు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుంటాడు, ఆయన కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికిన మనిషి ఇంటికొచ్చాక మాత్రం తీస్తాడా? నాన్న పోయాక నా చదువు ఆయనే చూశాడు. కట్టుడు పళ్లు చేసే ల్యాబులో ఉద్యోగం ఆయనే మాట్లాడిపెట్టాడు. అక్కడి ఓనరు నన్నేదో అడిగితే పక్కన నిలబడి జవాబు కూడా ఆయనే చెప్పాడు. చేసిన మేలు కాదనను. కానీ ఇదిగో, ఇది నేనొక్కదాన్నే చేశాను అని చెప్పుకోడానికి నాకు ఒక్కటంటే ఒక్క పని లేదు.

అందుకే కంకర రోడ్ల సైకిల్ రేసుకి పేరిచ్చాను. పొద్దున్నే మొదలు. రోజంతా మట్టిదారులు, కంకర, గుట్టలు. చీకటి పడేలోపు ముగింపు గీత దాటాలి. వాళ్ల నియమాల్లో ఒకటి చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది: దారిలో బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. పంక్చరైతే నువ్వే వేసుకోవాలి, పడితే నువ్వే లేవాలి. ఏడాదిపాటు ల్యాబు నుంచి రాగానే, చేతులకంటిన ప్లాస్టరు పొడైనా సరిగ్గా కడుక్కోకుండా సైకిలెక్కాను.

ఆ నియమం అన్నయ్యకి చదివి వినిపించాను కూడా. "అలాగే తల్లీ, నేనూ మీ వదినా ఊరికే చూడ్డానికొస్తాం" అన్నాడు. నా బుద్ధి గడ్డి తిని నమ్మాను.

కంకర మీదికెక్కగానే సైకిలు గంతులేయడం మొదలెట్టింది. రోజూ తొక్కిన సైకిలే. ఆ రోజు మాత్రం చిన్న రాయి తగిలినా ఎగిరెగిరి పడుతోంది. చేతులు తిమ్మిరెక్కాయి. ఒక మలుపులో చక్రం జారి పడ్డాను, మోకాలు చెక్కుకుపోయింది. నాకు చేతకాదేమో, ఇన్నాళ్లూ ఊరికే మిడిసిపడ్డానేమో అని ఏడుపొచ్చింది. మంచినీళ్లిచ్చే మజిలీ దగ్గర దిగి టైరు నొక్కి చూశాను. గట్టిగా రాయిలా ఉంది! కంకర మీద టైరు కాస్త మెత్తగా ఉంటేనే నేలను పట్టుకుంటుంది. ఎన్నోసార్లు తొక్కి చూసుకుని, నేనే గాలి తగ్గించి పెట్టుకున్నాను.

చూసేవాళ్ల కోసం కట్టిన తాడు అవతల అన్నయ్య, వదిన నిలబడి ఉన్నారు. అన్నయ్య మొహం వెలిగిపోతోంది.

"పొద్దున నువ్వు స్నానానికెళ్లినప్పుడు చూశా, టైర్లలో గాలే లేదు. నిండా కొట్టేశాలే!"

అరికాలి మంట నెత్తికెక్కింది. "నిన్నెవరు కొట్టమన్నారు?"

"ఒకరు చెప్పాలా? గాలి లేకపోతే కొట్టాలి కదా."

"ఎందుకు తగ్గించావే అని ఒక్క మాట అడిగావా?"

"నేను చెప్పానమ్మా, దాన్నడగండి అని" అంది వదిన. "వింటేగా! ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు."

అన్నయ్య నా మోకాలు చూశాడు. "రక్తం! ఇంక చాలు, కారెక్కు."

"నువ్వా తాడు దాటావంటే మర్యాదగా ఉండదు" అన్నాను. టైర్లలోంచి బుస్సుమని కాస్త గాలి వదిలి, సైకిలెక్కి వచ్చేశాను.

ఆ కోపంతోనే తొక్కాను. పోయిన సమయమంతా రాబట్టాను. చివరి గుట్ట చేరేసరికి వెలుగు బాగానే ఉంది, పైన గీత కనిపిస్తోంది. చాలామంది దిగి నెట్టుకుంటూ పోతున్నారు. నేను దిగలేదు. సగం ఎక్కాక సైకిలు అటూ ఇటూ ఊగింది. అప్పుడు నా వీపు మీద ఒక చెయ్యి పడింది. ఎవరిదో తిరిగి చూడక్కర్లేదు. సైకిలు ఒక్కసారిగా తేలికైపోయింది. ఛీ, ఎంత సుఖంగా ఉందో!

ఈల మోగింది. జడ్జమ్మ అడ్డమొచ్చి ఆపింది. "బయటి సాయం. రేసు మానేయండి, లేదా గుట్ట కింద నుంచి మళ్లీ ఎక్కి రండి."

సైకిలు అక్కడే పడేసి అన్నయ్య మీదికి వెళ్లాను. "ఏడాది కష్టపడ్డాను! ఒక్క గుట్ట నాకొదిలేస్తే నీ సొమ్మేం పోయింది?"

"పడిపోతావేమోనని..."

"పడనీ! ఆ భయం నీది. దానికి నా వీపే దొరికిందా?"

ఆయన జడ్జమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పు నాదమ్మా, దాన్ని వదిలెయ్యండి."

చూశారా? అప్పుడు కూడా నా తరఫున ఆయనే! "నోర్ముయ్ అన్నయ్యా" అనేసి సైకిలు కిందికి తిప్పాను.

రెండోసారి ఎక్కుతుంటే కాళ్లు కొయ్యబారిపోయాయి. వెలుగు తగ్గుతోంది. అదే చోట సైకిలు మళ్లీ ఊగింది, ఈసారి నిజంగానే పడ్డాను. అన్నయ్య ఒక్క అంగలో ముందుకొచ్చాడు. నేను అరవలేదు, ఆయన కళ్లలోకి చూశానంతే. ఆగిపోయాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. నేను లేచాను, ఎక్కాను, తొక్కాను.

గీత దాటేసరికి చీకటి పడింది. "గడువు దాటిందండీ. లెక్కలోకి రాదు" అంది జడ్జమ్మ, పాపం, మెల్లగా.

"గుట్ట ఎవరెక్కారు?" అనడిగాను.

"మీరే."

"ఎవరైనా తోశారా?"

"లేదు."

"కాస్త గట్టిగా చెప్పండి, అక్కడొకాయన వినాలి."

"ఎవరూ తోయలేదు!" అని అరిచిందావిడ.

కింద అన్నయ్య చేతులింకా వెనక్కే ఉన్నాయి. "చప్పట్లు కొట్టొచ్చా?" అని అక్కణ్ణించే అడిగాడు.

నా కోపం ఇంకా చల్లారలేదు. అయినా "కొట్టు" అన్నాను.