మైలవరం స్పంజిక

పరీక్షలో పిల్లలు చూసి పేరు రాయాల్సిన జాడీలను బల్ల మీద వరసగా పెట్టి, ఒక్కోదాని ముందు సుద్దతో అంకె వేసుకుంటూ పోతున్నాడు గంగులయ్య. జలగ, నక్షత్ర చేప, తేలు. ప్రొద్దుటూరులోని ఆ కాలేజీ జువాలజీ ల్యాబుకు ముప్పై ఒక్క ఏళ్లుగా అతను అటెండరు. సాయంత్రానికి రిటైరవుతాడు. ఆ సంగతి పొద్దుటినుంచి ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఎనిమిదో అంకె దగ్గర ఎప్పుడూ స్పంజిక, అంటే స్పాంజి జంతువు ఉన్న జాడీ ఉండేది. రంగు వెలిసి, నానిన బ్రెడ్డులా. ఈరోజు దాని చోట గాజు తొట్టిలో అరచేయంత రాయి ఉంది. రాయి మీద మెత్తటి ఆకుపచ్చ పొర. నిన్న మైలవరం రిజర్వాయరు కాలువలో కాళ్లు కడుక్కుంటూ చూశాడు. తాకితే వేళ్లు దురద పెట్టాయి. పాచి దురద పెట్టదు. స్పంజికల ఒంట్లో గాజులాంటి ముళ్లుంటాయని పాఠాలు జరిగేటప్పుడు తలుపు దగ్గర నిలబడి ఎన్నిసార్లు వినలేదు! జమ్మలమడుగు బస్సులో బకెట్టును ఒళ్లో పెట్టుకుని, కుదుపు కుదుపుకీ వాటేసుకుని తెచ్చాడు.

"ఏంది గంగులయ్యా, పాచి రాయి ఎత్తుకొచ్చినావు?" లోపలికి వస్తూనే అంది లెక్చరరు మహమూదా.

"పాచి కాదు మేడం, జంతువు. స్పంజిక."

"మంచినీళ్లలో కూడా ఉంటాయని చదివినా గానీ, ఈడ చూసినోళ్లు ఎవరప్పా? పరీక్షకు అరగంట ఉంది. ప్రాణముందని చూపించు. లేకుంటే పాత జాడీనే పెట్టు."

తొట్టిని నీళ్లతో నింపబోయాడు. కుడిచేయి తనంతట తానే, చచ్చిన జంతువులు కుళ్లకుండా జాడీల్లో పోసే ఫార్మలిన్ సీసా మూత తిప్పింది. ఘాటు ముక్కుకు తగిలేసరికి నాలుగు చుక్కలు పడనే పడ్డాయి. గబగబా రాయిని ఎత్తి, తొట్టి కడిగి, రాయితోపాటు క్యానులో తెచ్చిన రిజర్వాయరు నీళ్లు పోశాడు. మళ్లీ పారబోసి మళ్లీ పోశాడు. ఈ చేయి ఇన్నేళ్లూ చచ్చినవాటినే చూసుకుంది. బతికినదాన్ని ఏం చేయాలో దానికి తెలియదు.

పిల్లలు వచ్చారు. వాళ్లలో భువనేశ్వరి తొట్టిలోకి వంగింది. "కదల్దు, కరవదు. ఇదేం జంతువు గంగులయ్యన్నా?"

"మేడం ప్రశ్న అడిగితే నువ్వు కదుల్తాండావా? నిన్ను మనిషి అనడంలా?"

అందరూ ఘొల్లుమన్నారు. అతను నవ్వలేదు. ఎర్రటి కార్మైన్ రంగుపొడి కలిపిన నీళ్లను డ్రాపరుతో ఆకుపచ్చ పొర పక్కన వదిలాడు. ఎరుపు అక్కడే నిలిచింది.

నోరు లేదు, గుండె లేదు, మెదడు లేదు. ఒంటినిండా సన్నటి రంధ్రాలు, పైన ఒక పెద్ద రంధ్రం. లోపల వేల కణాలు కొరడాల్లాంటి తోకలాడిస్తూ నీటిని లాగుతాయి, అందులో దొరికింది తింటాయి, మిగతా నీటిని పైకి తోస్తాయి. ఇది చేయమని వాటికి చెప్పేవాళ్లెవరూ ఉండరు. అంతే దాని బతుకు. ఆ నాలుగు చుక్కలు దాన్ని ఆపేశాయా?

ఎరుపు కదిలినట్టనిపించింది. తన శ్వాసకేమోనని ఊపిరి బిగబట్టాడు. అయినా కదిలింది. కోరికే కళ్లలోకి వచ్చిందేమో. తన కళ్లను తాను నమ్మలేదు.

అప్పుడు పైరంధ్రంలోంచి దారమంత ఎర్రటి పోగు నిటారుగా లేచింది.

"మేడం! ఉమ్ముతాంది! నీళ్లు ఉమ్ముతాంది!"

మహమూదా బల్ల ముందు గొంతుక్కూర్చుంది. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఇరవై ఏళ్లుగా బోర్డు మీద బాణం గుర్తులేస్తాండా. ఆ నీళ్లు పోవడం ఇప్పుడే చూస్తాండా గంగులయ్యా!"

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు. పరీక్ష చాలా ఆలస్యంగా మొదలైంది.

సాయంత్రం శాలువా కప్పారు. తాళాలు అప్పగిస్తూ అతను గొంతు తగ్గించాడు. "పొద్దున చేయి తప్పి ఫార్మలిన్ పోసినా మేడం."

"నాకు వాసన తెలీదా అప్పా? పో, దానికి లేబుల్ నువ్వే రాసిపో."

ల్యాబులో లేబుళ్లన్నీ లెక్చరర్లు రాసినవే. అతను పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. రాసి, అంటించి, జమ్మలమడుగు బస్సుకు వెళ్లిపోయాడు.

తొట్టి గాజు మీద ఇంకా జిగురు ఆరని కాగితం, దాని మీద పెద్ద పెద్ద వంకర అక్షరాలు: "మైలవరం స్పంజిక. ప్రాణముంది. నీళ్లు మార్చవలెను."