నాడి బాగుందన్నారు

నేను ఒక పేస్‌మేకర్‌ను. మనిషి గుండె బద్ధకించినప్పుడల్లా తట్టి లేపడం నా ఉద్యోగం. సముద్రాల అవతల, తుమ్మడానికి కూడా భయపడే ఒక గదిలో, మొహాలకు ముసుగులు కట్టుకున్నవాళ్లు నన్ను తయారుచేశారు. నాలో దుమ్ము రేణువు కూడా చేరకూడదని వాళ్ల తాపత్రయం. అంత జాగ్రత్తగా చేసి, చివరికి తెచ్చి చిట్టబ్బాయి కుటుంబం చేతిలో పెట్టారు.

చిట్టబ్బాయి భార్య అచ్చియ్యమ్మ సామర్లకోటలో ఇడ్లీల అంగడి నడిపేది. గుండె మరీ మెల్లగా కొట్టుకోవడంతో పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయేది. కాకినాడలో ఆమె ఎడమ భుజం కింద చర్మంలో నన్ను పెట్టి కుట్టారు. నా తీగ ఒకటి గుండెలోకి దిగింది. "ఆయాసం వచ్చినా, వాపు వచ్చినా వెంటనే తీసుకురండి" అని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. చిట్టబ్బాయి వింటేగా! రాహుకాలం ఎప్పుడు దాటుతుందా అని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక పలకరింపులు మొదలయ్యాయి. చిట్టబ్బాయి నన్ను తనే కనిపెట్టినంత గొప్పగా చెప్పుకునేవాడు. "ఫారిన్ మిషనండి. ఇంక గుండె ఆగమన్నా ఆగదు!" వచ్చినవాళ్లు తలలూపి, కాఫీ తాగి పోయేవారు. మెచ్చుకోళ్లు ఆయనకు, కుట్ల నొప్పి ఆమెకు.

ఇంతలో నా తీగ కొస గుండె గోడకు గుచ్చుకుంది. ఇలా జరగడం అరుదే, కాని జరుగుతుంది. అక్కడినుంచి రక్తం కలిసిన నీరు ఊరి, గుండె చుట్టూ ఉన్న సంచిలో చేరడం మొదలుపెట్టింది. అచ్చియ్యమ్మ కాళ్లు వాచాయి, మెడ నరాలు ఉబ్బాయి.

"పడుకుంటే ఊపిరాడట్లేదండి," అంది మొగుడితో.

"వేడి చేసిందే," అని ఆడపడుచు నూకరత్నం తేల్చేసింది.

ఈ ఊళ్లో కళ్ల మంట నుంచి కడుపునొప్పి దాకా అన్నిటికీ ఒకటే పేరు, వేడి. బార్లీ నీళ్లు, సబ్జా నీళ్లు, కొబ్బరి బోండాలు వరస కట్టాయి. లోపల నీరు నిండి గుండె నలిగిపోతుంటే ఈ మహానుభావులు పైనుంచి నీళ్లు పోస్తున్నారు.

ఆయాసం తగ్గకపోతే వీధి చివర మందులిచ్చే గోవిందును పిలిచారు. అతను వచ్చి, కళ్లు మూసుకుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నాడి గడియారంలా ఉందండి. ఆవిడకేం లేదు, ఉత్త బెంగ," అన్నాడు.

గడియారంలా ఉండక ఏం చేస్తుంది, ఆ నాడి కొట్టిస్తున్నది నేనైతే! గుండెకు సాగడానికి చోటు లేకపోయినా నేను తడుతూనే ఉంటాను, నన్ను అందుకే చేశారు కనక. ఆమె మాట అబద్ధమనడానికి నన్నే సాక్షిని చేశాడా పెద్దమనిషి. నాకు నోరుంటే ఆ రోజు గోవిందుకు తలంటు పోసేదాన్ని.

"విన్నావా? ఊరికే గాభరా పడతావు," అన్నాడు చిట్టబ్బాయి తేలిక పడి.

మర్నాడు నూకరత్నం మళ్లీ బార్లీ నీళ్ల గ్లాసు పట్టుకొచ్చింది. అచ్చియ్యమ్మ దాన్ని వాకిట్లోకి విసిరికొట్టింది.

"మీ వేడి మండిపోనూ! ఊపిరాడట్లేదని మొత్తుకుంటుంటే చెయ్యి పట్టుకుని చూస్తారేంటి? నా మొహం చూడండి!"

గోడ పట్టుకుంటూ వీధిలోకి వెళ్లి ఆటో ఆపింది.

"ఇవాళ మంగళవారమే!" అంటూ చిట్టబ్బాయి వెనకాల పరిగెత్తాడు.

"బుధవారం దాకా ఆగడానికి నాకు ఊపిరుండద్దా?"

ఆసుపత్రిలో స్కాను చూసిన డాక్టరు మొహం మాడిపోయింది. సూదితో ఆ నీరు లాగుతుంటే, కాడి దించిన ఎద్దులా గుండె ఒక్కసారి ఊపిరి తీసుకుంది. నా తీగనూ సరిచేశారు. ఇంకాస్త ఆలస్యమైతే నేను శవానికి తాళం కొడుతూ ఉండేదాన్ని.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారయ్యా?" అని డాక్టరు గద్దించాడు.

"నాడి బాగుందన్నారండి," అన్నాడు చిట్టబ్బాయి నేల చూపులు చూస్తూ.

ఏళ్లు గడిచి నా బ్యాటరీ అయిపోయింది. నా చోట కొత్తదాన్ని పెట్టారు. అచ్చియ్యమ్మ నన్ను అడిగి తెచ్చుకుంది. ఇప్పుడు అంగట్లో దేవుడి పటం పక్కన కూర్చుని, ఇడ్లీలు తింటూ ఒకరికొకరు వైద్యం చెప్పుకునే జనాన్ని చూస్తున్నాను. ఒక్కడికీ బుద్ధి రాలేదు.

మొన్న పొద్దున చిట్టబ్బాయి బల్ల మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. "ఏంటోనే, గుండెల్లో బరువుగా ఉంది. గ్యాసేమో."

"వేడి చేసుంటుందిరా," అంది నూకరత్నం.

పక్క బల్ల మీద ఇడ్లీ తింటున్న గోవిందు చెయ్యి కడుక్కుని, "ఏదీ, నాడి చూడనివ్వండి," అంటూ లేచాడు.

అచ్చియ్యమ్మ అతని చెయ్యి తోసేసింది. మొగుడి మొహంలోకి ఒక్కసారి చూసి, పొయ్యి మీద ఇడ్లీలు అలాగే వదిలేసి, ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది.