ముక్కు మీద పడే ఈగలు

పట్టుదారం మళ్లీ పుటుక్కుమంది.

"ఎన్నోది?" పొయ్యి పక్క కుర్చీలోంచి అడిగింది అత్తగారు అడీలియా.

"నేను లెక్కపెట్టట్లేదు అత్తయ్యా."

"నేను పెడుతున్నాలే. ఏడోది."

వెర్నా తెగిన దారాన్ని బ్లేడుతో గీకేసి, గాలపు ముల్లు మీద ఉత్తుత్తి ఈగని మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. తోకకి నాలుగు పోగులు. రెక్కలకి బాతు ఈక. పొట్టకి నక్క బొచ్చు. ఆ తర్వాత పుంజు మెడ ఈకని చుట్టూ తిప్పి కట్టాలి. ఆ ఈక పోగుల మీదే ఈగ నీళ్లపై తేలేది. తేలితేనే ట్రౌట్ చేప దాన్ని నిజం ఈగ అనుకుని నోరు తెరిచేది.

ముప్ఫయ్యేళ్లుగా వంతెన దగ్గర దుకాణానికి ఈగలు కట్టిచ్చింది అడీలియాయే. మొన్న చలికాలంలో ఆవిడ కళ్లకి పొర కమ్మింది. దుకాణం యజమాని హాస్‌బ్రూక్ వచ్చి, "శనివారానికి మీ కోడలి చేత ఓ డజను కట్టించండి. పన్నెండూ ఒక్కలా నిలబడితే పని మీ ఇంట్లోనే ఉంటుంది. లేదంటే వేరేవాళ్లని చూసుకుంటాను" అని చెప్పి వెళ్లాడు. ఇవాళ సోమవారం. వెర్నాకి ఆ పని కావాలి. ఆమె వండింది మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది, ఉతికింది సాయంత్రానికి మాస్తుంది. చేశాక చేసినట్టే ఉండే పని ఒక్కటైనా కావాలని ఆమె కోరిక.

ఈసారి దారం తెగలేదు. కానీ ఈక చుట్టేసరికి ముల్లు కంటి దాకా, గాలం తాడు దూర్చే రంధ్రం దాకా, వచ్చేసింది. ముడి వేయడానికి చోటే లేదు. ఎలాగోలా ఇరికించి, ఈగని పట్టకారులోంచి ఊడదీసి బల్ల మీద వదిలింది. ఈక మొనల మీదా తోక మీదా నిలబడాల్సింది, ముక్కు మీద బోర్లా పడింది.

"పడిందా?" అంది అడీలియా. ఆవిడకి కనపడకపోయినా చప్పుడు తెలుసు. "కంటి దగ్గర చోటు వదలమని చెప్పానా లేదా?"

"వదిలానండీ! దారం గట్టిగా లాగితే తెగుతోంది, వదులుగా చుడితే ఈక ముందుకి జారుతోంది. నన్నేం చెయ్యమంటారు?"

"ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు." అడీలియా ఆమె వేళ్లు తడిమి చూసింది. "అమ్మాయ్, ఇవి వేళ్లా ఆకురాళ్లా? పట్టుదారం పోగులు లేచిపోక ఏమవుతుంది? ఈ చేతులతో ఈ పని కాదు. నా చేతులు చూడు, ఈ వయసులో కూడా వెన్నలా ఉంటాయి."

వెర్నా చెయ్యి వెనక్కి లాక్కుంది. చెంపలు వేడెక్కాయి.

"ఉంటాయి మరి. మీ అబ్బాయి ఓరిన్‌ని చేసుకుని ఈ ఇంటికొచ్చిన మర్నాడే చెప్పారు మీరు, మీరు నీళ్లలో చెయ్యి పెడితే ఈగల పని పాడవుతుందని. పద్నాలుగేళ్లు గిన్నెలన్నీ నేనే తోమాను. మీ చేతులు వెన్నలా ఉన్నది నా చేతుల వల్లే!"

తొట్టిలో ఎనిమిది మంది గిన్నెలున్నాయి. చేపలకోసం వచ్చి ఇంట్లో దిగినవాళ్లు పొద్దున్నే అట్లూ గుడ్లూ తిని ఏటికి పోయారు. పెనం మీద పందికొవ్వు గడ్డకట్టింది.

"ఇప్పుడు ఏమంటావే?" అంది అడీలియా.

"నేనేమీ అనను. శనివారం దాకా నీళ్లలో చెయ్యి పెట్టను."

"మరి ఈ గిన్నెలన్నీ?"

వెర్నా పాత డబ్బాలోంచి గొర్రె కొవ్వు తీసి వేళ్లకి పట్టించి, గుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంది. అడీలియా నిట్టూర్చింది. కాసేపు ఆగి మళ్లీ నిట్టూర్చింది, ఈసారి కొంచెం పెద్దగా. కోడలు తలెత్తలేదు. ఆఖరికి ఆవిడ కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుంటూ తొట్టి దగ్గరికి నడిచింది.

"నాకు సరిగ్గా కనపడదని మర్చిపోకు."

"జిడ్డు చేతికి తెలుస్తుంది అత్తయ్యా."

నీళ్లు పోసిన చప్పుడు. గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

"సబ్బు ఎక్కడ పెడతావే?"

"మీ కుడిచేతి పక్కనే. పద్నాలుగేళ్లుగా అక్కడే."

ఇంకో ముల్లు బిగించింది వెర్నా. దారం మూడు చుట్లు ఆగింది. నాలుగో చుట్టుకి పోగు లేచింది. పళ్లు బిగబట్టి, బ్లేడు అందుకుంది. ఇంకా అయిదు రోజులుంది.